పిల్లల వార్డులో మూలవాసీ తల్లికి అండగా నిలవడం ఎలా?

కెనడాలోని పిల్లల ఆసుపత్రుల్లో పనిచేస్తున్న, పనిచేయడానికి వెళ్తున్న తెలుగు నర్సులనూ వైద్యులనూ దృష్టిలో పెట్టుకొని ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ దేశపు మూలవాసులైన ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ కుటుంబాల పిల్లలు మీ వార్డులో చేరినప్పుడు మందు మోతాదు ఎంతో, సెలైన్ ఎలా పెట్టాలో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. చెప్పవలసింది మంచం పక్కన కూర్చున్న తల్లి గురించే. ఆమెకు రెండు భయాలుంటాయి. బిడ్డకు జబ్బు తగ్గుతుందో లేదోనన్నది ఏ తల్లికైనా ఉండే భయం. తాను అనే ప్రతి మాటనూ, చేసే ప్రతి పనినీ ఇక్కడ ఎవరో తూకం వేస్తున్నారనీ, ఏదో ఒక సాకుతో బిడ్డను తన చేతుల్లోంచి తీసుకుపోతారనీ ఉండే రెండో భయం మాత్రం ఆమె జాతి అనుభవం నుంచి వచ్చినది. కింద చెప్పబోయే పనులన్నీ ఆ రెండో భయాన్ని తగ్గించడానికే. అది తగ్గితే తల్లి నోరు విప్పుతుంది, తల్లి నోరు విప్పితేనే బిడ్డ గురించి మీకు తెలియవలసినది తెలుస్తుంది.

ముందుగా, ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోండి

ఇది వార్డులో అడుగు పెట్టకముందే చేయవలసిన పని. 19వ శతాబ్దం చివరి నుంచి 1990ల వరకు 1,50,000 మందికి పైగా మూలవాసీ పిల్లలను కుటుంబాల నుంచి వేరుచేసి, ప్రభుత్వ సొమ్ముతో చర్చీలు నడిపిన రెసిడెన్షియల్ పాఠశాలల్లో ఉంచారు. అక్కడ సొంత భాష మాట్లాడిన పిల్లలను శిక్షించారు. వేలమంది పిల్లలు ఇళ్లకు తిరిగి రాలేదు. ఆ పాఠశాలలు ఒకవైపు నడుస్తుండగానే, 1960లు మొదలుకొని 1980ల దాకా పిల్లల సంక్షేమ శాఖలు వేలాది పిల్లలను తీసుకుపోయి మూలవాసులు కాని కుటుంబాలకు దత్తత ఇచ్చాయి.

ఆసుపత్రులకూ ఈ చరిత్రలో భాగం ఉంది. మూలవాసుల కోసమంటూ విడిగా నడిపిన ‘ఇండియన్ ఆసుపత్రులు’ చాలాకాలం కొనసాగాయి. 1950లు, 60లలో క్షయ సోకిన ఇన్యూట్ ప్రజలను ఓడల్లో దక్షిణాది ఆసుపత్రులకు తరలించారు. అలా వెళ్లిన పిల్లల్లో కొందరు ఏళ్ల తరబడి ఇల్లు చూడలేదు, చనిపోయినవారిని ఎక్కడ పాతిపెట్టారో చాలా కుటుంబాలకు ఎవరూ చెప్పలేదు. ఈ విషయంలో 2019లో అప్పటి ప్రధాని జస్టిన్ ట్రూడో ఉత్తరాది పట్టణమైన ఇకాలుయిట్‌లో ఇన్యూట్ ప్రజలకు క్షమాపణ చెప్పారు. ఇక ‘బర్త్ అలర్ట్’ అనే పద్ధతి మొన్నమొన్నటిది. గర్భిణి పుట్టబోయే బిడ్డను సరిగ్గా పెంచలేకపోవచ్చని సంక్షేమ అధికారులు అనుమానిస్తే, ఆమెకు తెలియకుండానే ఆసుపత్రికి ముందస్తు హెచ్చరిక పంపేవారు. కాన్పు కాగానే బిడ్డను తీసుకుపోయే పరిస్థితి వచ్చేది. బ్రిటిష్ కొలంబియా 2019లో ఈ పద్ధతిని ఆపింది, మిగతా రాష్ట్రాలు ఆ తరువాత ఒక్కొక్కటిగా ఆపాయి. 2021 జనగణన ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్లో మూలవాసులు 7.7 శాతమే అయినా, ఫోస్టర్ సంరక్షణలో, అంటే సంక్షేమ శాఖ వేరే ఇళ్లలో ఉంచి పెంచుతున్న ఆ వయసు పిల్లల్లో వారు 53.8 శాతం.

మీ ముందున్న తల్లికి పాతికేళ్లే ఉండవచ్చు. కానీ ఆమె అమ్మమ్మ రెసిడెన్షియల్ పాఠశాలలో పెరిగి ఉండవచ్చు, చెల్లెలి బిడ్డ ఇప్పటికీ ఎవరో పరాయివారి ఇంట్లో ఉండి ఉండవచ్చు. ఆమె మిమ్మల్ని చూసి మౌనంగా ఉండిపోతే, ఆ మౌనాన్ని బిడ్డ పట్ల నిర్లక్ష్యంగా ఎన్నడూ లెక్కవేయకండి.

చేరిక రోజు, మొదటి గంట

కాగితాలు ముందు పెట్టుకొని ప్రశ్నలు మొదలుపెట్టకండి. కుర్చీ లాక్కొని, తల్లి కళ్లకు సమానమైన ఎత్తులో కూర్చోండి. మీ పేరు, మీ పని, మీ సొంత ఊరు చెప్పండి. తానెవరో, ఎక్కడి నుంచి వచ్చారో చెప్పుకొని పరిచయం చేసుకోవడం ఆ సమాజాల్లో చాలాచోట్ల మర్యాద. ఎంతో దూరం నుంచి వచ్చిన మీకు ఆ మాట చెప్పడం తేలిక కూడా. తరువాత, “మీ కుటుంబం గురించి, మీ ఊరి గురించి నాకు ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?” అని అడగండి. ముఖం చూసి, ఇంటిపేరు చూసి ఏ తెగవారో మీరే తేల్చేయకండి. క్రీ, ఒజిబ్వే, మిక్మా, డెనె, ఇన్యూట్, మేటీ ప్రజల భాషలు వేరు, ఆచారాలు వేరు. ఒక కుటుంబం నుంచి నేర్చుకున్నదాన్ని మరో కుటుంబానికి అంటగడితే అదీ ఒక రకమైన అవమానమే.

ఆ తరువాత తెలుసుకోవలసినవి: ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, బిడ్డను చూసుకునేవారిలో ఇంకా ఎవరెవరు ఉన్నారు, పెద్ద నిర్ణయాల ముందు ఎవరితో మాట్లాడాలి, బిడ్డకు ఊరట కలిగించేది ఏమిటి. మద్యం, మాదకద్రవ్యాలు, ఇంటి పరిస్థితి గురించిన ప్రశ్నలు మీ ఫారంలో ఉంటే, వాటిని ఎందుకు అడుగుతున్నారో, అందరినీ అడుగుతారో లేదో, జవాబు ఎవరు చదువుతారో ముందే చెప్పండి. ఇతర తల్లులను అడగని ప్రశ్న ఈమెను మాత్రం అడగకండి.

ఆసుపత్రిలో మూలవాసీ రోగులకు తోడ్పడే నావిగేటర్ ఉంటే, అలాంటివారు ఉన్నారనీ, వారు సంక్షేమ శాఖ మనుషులు కారనీ తల్లికి స్పష్టంగా చెప్పి, ఆమె సరేనంటేనే పిలవండి. అడగకుండా పిలిస్తే, తన మీద ఎవరికో కబురు వెళ్లిందని ఆమె అనుకోవచ్చు.

మొదటి పరీక్షలోనే చేయవలసిన చిన్న పని ఒకటుంది, దాని విలువ చాలా పెద్దది. మూలవాసీ శిశువుల్లో చాలామందికి పుట్టుకతోనే నడుము దగ్గర, పిరుదుల మీద, ఒక్కోసారి భుజాల మీద నీలి బూడిదరంగు మచ్చలుంటాయి. మన పిల్లల్లోనూ ఇవి మామూలే కాబట్టి మీరు వెంటనే గుర్తుపడతారు. చూడని కళ్లకు మాత్రం అవి దెబ్బలకు కమిలిన గుర్తుల్లా కనిపిస్తాయి. దెబ్బ గుర్తు రోజురోజుకూ రంగు మారుతుంది, ఈ మచ్చ మారదు. మచ్చ ఎక్కడుందో, ఎంత ఉందో తల్లి సమక్షంలోనే కొలిచి, అది పుట్టుమచ్చేనని రికార్డులో రాయండి. ఆ ఒక్క వాక్యం తరువాతి షిఫ్టులో ఒక తప్పుడు ఫిర్యాదును ఆపగలదు.

మాట్లాడేటప్పుడు

ప్రశ్న అడిగిన తరువాత ఆగండి. మీకు ఇబ్బందిగా అనిపించేంతసేపు ఆగండి. ఆలోచించి జవాబివ్వడం గౌరవమని భావించే కుటుంబాలు చాలా ఉన్నాయి. మీరు తొందరపడి రెండో ప్రశ్న వేస్తే మొదటిదానికి జవాబు ఎప్పటికీ రాదు. కళ్లలోకి సూటిగా చూడకపోవడం కూడా చాలాచోట్ల మర్యాదే, దాచిపెట్టడానికి గుర్తు కాదు. ఇన్యూట్ తల్లులతో, పిల్లలతో మాట్లాడేటప్పుడు ముఖాన్ని గమనించడం నేర్చుకోండి. కనుబొమలు పైకెత్తితే అవునని, ముక్కు ముడిస్తే కాదని అర్థం. ఇది తెలియని నర్సు, ‘తల్లి జవాబివ్వలేదు’ అని రాసి వెళ్లిపోతుంది. ఆ తల్లి అప్పటికే జవాబిచ్చి ఉంటుంది.

ఇనుక్టిటుట్, క్రీ వంటి భాషల్లో దుబాసీ దొరికినప్పుడు తప్పక వాడండి. ఇంగ్లిష్ వచ్చిన పెద్దపిల్లవాడి చేత తమ్ముడి జబ్బు గురించి తల్లికి చెప్పించకండి. సంతకం అవసరమైన చికిత్సల విషయంలో, మీరు చెప్పినది ఆమెకు ఎలా అర్థమైందో ఆమె మాటల్లో చెప్పమనండి, అదీ పరీక్ష పెట్టినట్టు కాకుండా, “నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి” అంటూ అడగండి. వెంటనే సంతకం చేయకుండా ఇంటి పెద్దలతో ఫోనులో మాట్లాడతానంటే, ప్రాణాపాయం లేనంతవరకు ఆ సమయం ఇవ్వండి.

బిడ్డ ఒంటి మీదా మంచం మీదా చేయి వేసే ముందు

జుట్టు విషయం ప్రత్యేకంగా చెప్పాలి. చాలా ఫస్ట్ నేషన్స్ కుటుంబాల్లో జుట్టుకూ మనిషి ఆత్మకూ సంబంధం ఉంది. రెసిడెన్షియల్ పాఠశాలలో చేరిన రోజే పిల్లల జడలు కత్తిరించేవారన్న జ్ఞాపకం దానికి తోడైంది. చేతిలో నరం దొరకని పసిబిడ్డకు తలలో నరానికి సూది వేయాలని మీరు రేజర్ తీసుకున్నారనుకోండి, అది మీకు రెండు నిమిషాల పని. ఆగి, ఎందుకు అవసరమో, ఇంకెక్కడైనా నరం దొరుకుతుందేమో చూశారా లేదా చెప్పి, అనుమతి అడగండి. తప్పనిసరైతే వీలైనంత తక్కువ జుట్టు తీసి, తీసిన జుట్టును చెత్తబుట్టలో వేయకుండా కాగితంలో మడిచి తల్లి చేతికివ్వండి. ఆపరేషన్‌కు ముందు జడ విప్పవలసివస్తే తల్లినో అమ్మమ్మనో విప్పమనండి.

దిండు కింద చిన్న తోలు సంచి, మంచానికి కట్టిన ఈక, దారం, పూసలు ఉంటే అవి ఆట వస్తువులు కావు. అడగకుండా తాకకండి, దుప్పట్లతో పాటు లాండ్రీకి పంపకండి. స్కానింగ్ కోసం తీయాల్సివస్తే కుటుంబసభ్యులే తీసి పట్టుకొనేలా చూడండి. సేజ్, స్వీట్‌గ్రాస్, సీడర్, పొగాకు అనే నాలుగు మొక్కలను పవిత్ర ఔషధాలుగా భావించే తెగల్లో, వాటిని కాల్చి ఆ పొగతో శుద్ధి చేసుకొనే స్మడ్జింగ్ ఉంటుంది. అనేక ఆసుపత్రుల్లో దీనికి నిబంధనలూ, గదులూ ఉన్నాయి. అగ్నిమాపక విభాగానికి ఎవరు ఫోన్ చేయాలి, ఆక్సిజన్ నడుస్తున్న బిడ్డ విషయంలో ఏం చేయాలి అన్నది కుటుంబం అడిగాక వెతుక్కోవడం కాదు, మీరు చేరిన వారంలోనే తెలుసుకోండి. పొగ పనికిరాని పరిస్థితుల్లో ఆకులను కాల్చకుండా దగ్గర ఉంచుకోవడం వంటి దారులను పెద్దలే సూచిస్తారు. ఇన్యూట్ సంప్రదాయంలో స్మడ్జింగ్ లేదు కాబట్టి ఇన్యూట్ తల్లికి ఆ గది చూపించి మేలు చేశామనుకోవద్దు.

ఇంట్లో ఇచ్చే కషాయాలు, మూలికల గురించి అడిగేటప్పుడు గొంతులో తీర్పు వినిపించకూడదు. “బిడ్డ కోలుకోవడానికి ఇంట్లో ఏమేం ఇస్తున్నారు? మా మందులతో కలిస్తే ఇబ్బంది లేకుండా చూసుకుందాం” అంటే చెబుతారు. మూలవాసీ రోగులు కోరినప్పుడు వారి వైద్య పద్ధతులను పెద్దలతో, సంప్రదాయ వైద్యులతో కలిసి వాడాలని, రెసిడెన్షియల్ పాఠశాలల చరిత్రను విచారించిన సత్య, సమాధాన కమిషన్ 2015లో ఇచ్చిన కార్యాచరణ పిలుపుల్లో 22వదానిలో స్పష్టంగా చెప్పింది. కేప్ బ్రెటన్‌కు చెందిన మిక్మా పెద్ద ఆల్బర్ట్ మార్షల్ ముందుకు తెచ్చిన ‘రెండు కళ్లతో చూడటం’ అనే మాటకు వార్డులో రూపం ఇదే. ఒక కంటితో మూలవాసుల జ్ఞానంలోని బలాన్ని, మరో కంటితో ఆధునిక వైద్యంలోని బలాన్ని చూస్తూ, రెండింటినీ బిడ్డ కోసం కలిపి వాడటం.

ఏడవని బిడ్డకు నొప్పి లేదనుకోకండి

నొప్పిని పైకి చూపకుండా ఓర్చుకోవడం నేర్చుకున్న పిల్లలు చాలామంది ఉంటారు. నోవా స్కోషియాలో మిక్మా సమాజాలతో కలిసి నర్సు పరిశోధకురాలు మార్గట్ లాటిమర్ చేసిన పనిలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. మాటల్లో చెప్పని నొప్పిని పిల్లలు బొమ్మల్లో చెప్పారు. ముఖాల బొమ్మల స్కేలు చూపించి, బిడ్డ ‘రెండు’ చూపించాడని నొప్పి మందు ఆపేయకండి. మామూలుగా వీడు ఇంత నెమ్మదిగా ఉంటాడా, తిండి తగ్గిందా, ఆట మానేశాడా అని తల్లిని అడగండి. కాగితం, రంగు పెన్సిళ్లు ఇచ్చి ఎక్కడ నొప్పో గీయమనండి. తల్లి “వీడికి బాగా లేదు” అంటే, మానిటర్ మీద అంకెలు బాగున్నా మళ్లీ పరీక్షించండి. నా దృష్టిలో ఈ వ్యాసం మొత్తంలో ఒకే ఒక్క సలహా గుర్తుపెట్టుకోవలసివస్తే అది ఇదే.

బంధువులు, ప్రయాణం, తిండి

అమ్మమ్మలు, పిన్నమ్మలు, మేనమామలు కలిసి పిల్లలను పెంచే కుటుంబానికి ‘ఇద్దరు సందర్శకులు మాత్రమే’ అనే నిబంధన చాలా కఠినంగా తగులుతుంది. మన ఇళ్లలో ఎవరైనా ఆసుపత్రిలో చేరితే ఎంతమంది వస్తారో గుర్తుచేసుకుంటే ఈ విషయం మీకు విడిగా వివరించనక్కర్లేదు. పెద్ద గది ఇప్పించడం, వంతులవారీగా రానివ్వడం, ఊళ్లో ఉన్నవారికి వీడియో కాల్ ఏర్పాటు చేయడం, వీటిలో ఏది కుదురుతుందో చార్జ్ నర్సుతో ముందే మాట్లాడండి.

తల్లి రోజూ రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కోకుండా ఏమీ అనుకోవద్దు. ఉత్తరాది సమాజాల నుంచి పెద్ద ఆసుపత్రికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం ఉండవచ్చు, ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుండవచ్చు. క్యుబెక్‌లో 2018 వరకు అత్యవసర విమానాల్లో బిడ్డతో పాటు తల్లినిగానీ తండ్రినిగానీ ఎక్కనిచ్చేవారు కాదు. ఉత్తర క్యుబెక్‌లోని నునావిక్ నుంచి ఇన్యూట్ పిల్లలు ఒంటరిగా, తెలియని భాష మాట్లాడే మనుషుల మధ్య దిగేవారు. మాంట్రియల్ పిల్లల వైద్యుడు సమీర్ షహీన్ హుస్సేన్, ఆయన సహచరులు ‘నా చేయి పట్టుకో’ అంటూ నడిపిన ఉద్యమం తరువాతే ఆ విధానం మారింది. మీ వార్డుకు విమానంలో వచ్చిన బిడ్డ ఒంటరిగా కనిపిస్తే, తల్లి ఎక్కడుందో కనుక్కోవడం వైద్యంలో భాగమే. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్ ప్రజలకు సమాఖ్య ప్రభుత్వం ఇచ్చే నాన్ ఇన్స్యూర్డ్ హెల్త్ బెనిఫిట్స్ కింద ప్రయాణం, తోడు వచ్చేవారి ఖర్చు, బస అడగవచ్చు. తల్లికి ఆ దారి చూపే సోషల్ వర్కర్‌ను పిలిచేటప్పుడు, ఎందుకు పిలుస్తున్నారో ముందే చెప్పండి. ఆ ఉద్యోగం పేరు వింటేనే గుండె జారిపోయే తల్లులున్నారు.

ఇంటి నుంచి తెచ్చిన కారిబూ మాంసం, చేప, సూప్ వంటివి పథ్యానికి అడ్డు కాకపోతే తిననివ్వండి. వంటకు, నిల్వకు చోటు చూపించండి.

మీరు రాసే రాత

తల్లి మీద నమ్మకం తగ్గించే మాటలు రికార్డులో ఒకసారి పడితే, ప్రతి కొత్త డాక్టరూ ఆ కళ్లద్దాలతోనే ఆమెను చూస్తాడు. ‘తల్లి సహకరించడం లేదు’ అని రాయకుండా, ‘తల్లికి లంబార్ పంక్చర్ గురించి ప్రశ్నలున్నాయి, తన తల్లితో మాట్లాడాక చెబుతానన్నారు’ అని రాయండి. ‘తల్లి బిడ్డను పట్టించుకోవడం లేదు’ అనే బదులు, ‘మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకు తల్లి లేరు, బస దొరికే చోటికి వెళ్లినట్టు చెప్పారు’ అనాలి. చూసినది రాయండి, ఊహించినది రాయకండి. రాసినదాన్ని తల్లి భుజం మీంచి చదువుతున్నా మీరు తలదించుకోనక్కర్లేకుండా ఉండాలి.

నిజంగానే ఆందోళన కలిగితే

బిడ్డకు హాని జరుగుతోందని సహేతుకమైన అనుమానం ఉంటే ఫిర్యాదు చేయవలసిన చట్టపరమైన బాధ్యత మీకుంటుంది, దాన్ని పక్కన పెట్టమని నేను చెప్పడం లేదు. పేదరికాన్ని నిర్లక్ష్యంగా పొరబడవద్దంటున్నాను. 2020 జనవరి 1 నుంచి అమలులో ఉన్న ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ పిల్లల, కుటుంబాల చట్టం ఇదే చెబుతుంది. పేదరికం, సరైన ఇల్లు లేకపోవడం, తల్లిదండ్రుల ఆరోగ్యస్థితి, కేవలం వీటి కారణంగా బిడ్డను తీసుకుపోకూడదు. తీసుకోక తప్పని పరిస్థితిలోనూ మొదటి ప్రాధాన్యం తల్లిదండ్రుల్లో ఒకరికి, ఆ తరువాత బంధువులకు. 2024లో ఆ దేశ సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. మిమ్మల్ని మీరు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇదే పరిస్థితిలో మరో జాతి తల్లి ఉంటే నేను ఫోన్ ఎత్తేవాడినా, ఎత్తేదాన్నా? ఎత్తవలసిందే అనుకుంటే, బిడ్డకు ప్రమాదం లేనంతవరకు, నావిగేటర్ పక్కన ఉండగా ఆ సంగతి తల్లికి మీరే ముందు చెప్పండి.

తోటివారు తప్పు మాట్లాడితే

2020 సెప్టెంబర్‌లో అటికమెక్ తెగకు చెందిన 37 ఏళ్ల జాయిస్ ఎషాక్వాన్ అనే ఏడుగురు పిల్లల తల్లి, క్యుబెక్ ఆసుపత్రి మంచం మీద నుంచి సిబ్బంది తిట్లను ఫోనులో రికార్డు చేస్తూ, ఆ రోజే కన్నుమూసింది. ఆమె మరణంలో జాతి వివక్షకు పాత్ర ఉందని మరుసటి ఏడాది, మరణ కారణాలను విచారించే అధికారి అయిన కరోనర్ తేల్చారు. నర్సుల స్టేషన్‌లో ఎవరో నవ్వుతూ అన్న మాట, హ్యాండోవర్‌లో ‘ఆ తల్లి సంగతి తెలుసుగా’ అన్న సూచన, ఇలాంటి మరణాలకు దారి వేసేవి ఇవే. కొత్త దేశంలో కొత్త ఉద్యోగంలో ఉన్నవారికి ఎదిరించి మాట్లాడటం కష్టమని నాకు తెలుసు. అక్కడికక్కడ, “నేను చూసినంతలో ఆమె అలా లేరు” అనైనా అనండి. ఆపైన మేనేజర్‌కు రాతపూర్వకంగా తెలపండి. ఫిర్యాదు ఎక్కడ చేయవచ్చో తల్లికి కాగితం మీద రాసివ్వండి. మాటల్లో చెబితే ఆ గడియలో ఆమెకు గుర్తుండదు.

న్యూజిలాండ్ మావోరీ నర్సు ఇరిహాపెటి రామ్స్‌డెన్ కృషి వల్ల 1992లో అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాల్లోకి వచ్చిన ఒక సూత్రాన్ని ఇక్కడ పాటించడం మంచిది. సంరక్షణ భద్రంగా ఉందా లేదా అని తేల్చేది ఇచ్చినవారు కాదు, పొందినవారు. అందుకే ప్రతి రెండు మూడు రోజులకోసారి, “మా వల్ల మీకు నొచ్చినది ఏమైనా ఉందా?” అని అడగండి, జవాబు వస్తే సమర్థించుకోకండి.

ఇంటికి పంపేటప్పుడు

డిశ్చార్జి పని చేరిక రోజునే మొదలుపెట్టాలి. మానిటోబా రాష్ట్రంలోని నార్వే హౌస్ క్రీ నేషన్‌కు చెందిన జోర్డాన్ రివర్ ఆండర్సన్ 1999లో పుట్టాడు. రెండేళ్ల వయసులో ఇంటికి వెళ్లవచ్చని వైద్యులు చెప్పినా, ఇంటి సంరక్షణ ఖర్చు ఎవరు భరించాలన్న విషయంలో సమాఖ్య, రాష్ట్ర ప్రభుత్వాలు వాదులాడుకుంటూ ఉండిపోగా, 2005లో ఐదేళ్ల వయసులో ఆసుపత్రిలోనే చనిపోయాడు. ముందు సేవ అందించాలి, ఖర్చు సంగతి తరువాత తేల్చుకోవాలి అనే ‘జోర్డాన్ సూత్రం’ 2007లో పార్లమెంటు దిగువ సభలో ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. అత్యవసర దరఖాస్తులను 12 గంటల్లో, మిగతా వ్యక్తిగత దరఖాస్తులను 48 గంటల్లో తేల్చాలని 2017లో మానవ హక్కుల ట్రిబ్యునల్ ఆదేశించింది. ఆచరణలో జాప్యాలు జరుగుతూనే ఉన్నాయి కాబట్టి వీల్‌చైర్, ప్రత్యేక పాలపొడి, ఇంటికి వచ్చే నర్సు వంటి అవసరాలకు ఉత్తరాన్ని డాక్టర్ చేత ముందే రాయించండి. ఈ సూత్రం ఫస్ట్ నేషన్స్ పిల్లలకు వర్తిస్తుంది, ఇన్యూట్ పిల్లలకు ‘ఇన్యూట్ చైల్డ్ ఫస్ట్’ అనే పథకం విడిగా ఉంది.

ఇంటి దగ్గర నీళ్లు మంచివేనా అని అడగకుండా పాలపొడి రాసివ్వకండి. ఫస్ట్ నేషన్స్‌కు కేటాయించిన నివాస ప్రాంతాలైన రిజర్వుల్లో కొన్నిచోట్ల నీటిని కాచి తాగమనే హెచ్చరికలు ఏళ్ల తరబడి ఉన్నాయి. ఫ్రిజ్‌లో పెట్టవలసిన మందు ఇస్తుంటే విమానం, రోడ్డు ప్రయాణంలో దాన్ని ఎలా తీసుకువెళ్తారో కలిసి ఆలోచించండి. ఊళ్లోని నర్సింగ్ స్టేషన్‌కు మీరే ఫోన్ చేసి బిడ్డ సంగతి చెప్పండి, ఆ సంభాషణ తల్లి కూడా వినేలా స్పీకర్ పెట్టండి. మళ్లీ జ్వరం వచ్చినా, గాయం దగ్గర ఎరుపు కనిపించినా నేరుగా వార్డుకే ఫోన్ చేయవచ్చని చెప్పి, ఫోన్ ఎత్తేవారి పేరుతో సహా నంబరు రాసివ్వండి. తరువాతి అపాయింట్‌మెంట్‌కు రాలేకపోతే ‘హాజరు కాలేదు’ అని కొట్టివేయకుండా, ముందు తల్లికి, ఆమె దొరకకపోతే నర్సింగ్ స్టేషన్‌కు ఫోన్ చేసి, విమానం రద్దయిందా, తోడు రావడానికి మనిషి దొరకలేదా అని కనుక్కొని కొత్త తేదీ ఇవ్వండి.